పదిహేడో చుట్ట

అమ్ముడుపోని సరుకు ఉన్నట్టుండి అమ్ముడుపోతుంటే, సంతోషించే ముందు ఎందుకో కనుక్కోవాలి. ముప్పై ఏళ్ల వ్యాపారంలో నేను నేర్చుకున్నవాటిలో ఇదొకటి. నేర్చుకోవడం వేరు, వేళకు గుర్తురావడం వేరు.

మాది ఇనుప తాళ్ల కొట్టు. తాడు మాకు చుట్టలుగా వస్తుంది, అడిగినన్ని మీటర్లు కోసి ఇస్తాం. కోసిన ప్రతి ముక్కకీ కొట్టు ముద్ర వేసిన చీటీ కడతాం. మందం ఎంత, పొడవు ఎంత, వాడకం ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. వాడకం గడిలో రెండే రకాల మాటలు. ఒకటి ‘ఎత్తడానికి’, రెండోది ‘కట్టడానికి మాత్రమే’. ఎత్తే తాడుతో కంచె కట్టుకుంటే నష్టం డబ్బుతో పోతుంది. కట్టే తాడుతో బరువెత్తితే నష్టం దేనితో పోతుందో చెప్పనక్కర్లేదు.

మోకాలికి ఆపరేషనై నేను నలభై రోజులు మంచం దిగలేదు. కొట్లో మా చెల్లెలు కూర్చుంది. అది కాగితం మీద ఏముంటే అదే చేస్తుంది, ఒక మీటరు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ రోజుల్లోనే మా అల్లుడు కొట్టుకి వెబ్‌పేజీ తయారుచేశాడు. అతని పనే అది. కొట్టు పైగదిలో కూర్చుని ఎవరెవరి కంపెనీలకో పేజీలు చేసిపెడుతుంటాడు.

నా సరుకు పుస్తకం తీసుకుని ల్యాప్‌టాప్‌తో మంచం పక్కన కూర్చున్నాడు.

“దీన్ని జేసన్ అంటారత్తయ్యా. మీ పుస్తకమే, గీతలుండవంతే. ఒక్కో చుట్టకీ ఈ మీసాల బ్రాకెట్లు రెండు. వాటి లోపల ప్రతి విషయానికీ ఒక పేరు, ఆ పేరు పక్కన దాని విలువ.”

“మరి పేజీలోకి ఎలా ఎక్కుతుంది?”

“లూపు. మీరు పొద్దున్నే ఒక్కో చుట్ట ముందూ ఆగి, చేత్తో తట్టి, ముందుకెళ్తారు చూడండి, అదే. మొదటిదాని నుంచి చివరిదాకా తట్టుకుంటూ పోతుంది. తట్టిన ప్రతిదానికీ పేజీలో ఒక వరస వేస్తుంది.”

నాకు నచ్చింది. జీతం అడగని పనివాడు ఎవరికి నచ్చడు?

“ఇక్కడ చాలా గడులు ఖాళీగా ఉన్నాయి. తెలియనివా?” అని అడిగాడు.

“తెలియకపోవడమేంటి? ఖాళీగా ఉందంటే పై గడిలో ఉన్నదే అని. మా నాన్న నాటి నుంచీ అంతే. రాసిందే రాయడం సిరా దండగ.”

అతను ఏదో అడగబోయి ఆగాడు. ఆ ఖాళీలన్నీ నా చేత్తోనే నింపించాలనుకున్నాడట, తర్వాత చెప్పాడు. అత్తగారిని అడగలేకపోయాడు. పేజీ బయటికి వదిలే ముందు నాకోసారి చూపించమనాలని నాకూ ఉంది. అల్లుడిగారి పనిని తనిఖీ చేసినట్టుంటుందని ఊరుకున్నాను. పైఊళ్లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆ సాయంత్రం ఫోన్లో అంతా విని, “మీ ఇద్దరి మర్యాదల మధ్య ఎవడో ఒకడు నలుగుతాడమ్మా,” అంది. నవ్వేశాను.

నలభై ఒకటో రోజు పొద్దున చేతికర్రతో కొట్లో అడుగుపెట్టాను. ఒక్కో చుట్టనూ తట్టుకుంటూ వెళ్తున్నాను. పదిహేడో దాని దగ్గర చెయ్యి ఆగింది. అది మూతపడిన ఒక ఫ్యాక్టరీ వేలంలో మిగతా సామానుతో పాటు అంటగట్టిన చుట్ట. పైన గ్రీజు మెరుపు, లోపల తుప్పు. రెండు వందల మీటర్లు మూడేళ్లుగా అలాగే పడి ఉంది. ఇప్పుడు పిల్ల చుట్టలా ఉంది. కొలిపించాను. తొంభై.

“ఇదెవరు కొన్నారే?” అన్నాను చెల్లెలితో.

“పేజీలో అదే చవక కదా, దాని మీదే పడ్డారు. నువ్వు మూడేళ్లుగా అమ్మలేని దాన్ని నేను నలభై రోజుల్లో సగానికి పైగా అమ్మానక్కా. మెచ్చుకోవడానికి మోకాలు అడ్డమొస్తోందా?”

“కట్టే తాడు ఇంతమందికి ఎందుకంట?”

“కట్టేదేంటి, ఎత్తేదైతేనూ! పేజీలో ఉన్నది చూసే రాశాను,” అంటూ చీటీల నకళ్ల కట్ట నా ముందు పడేసింది.

పై చీటీ చదివాను. పదిహేడో చుట్ట. వాడకం: ఎత్తడానికి. కింద మా నాన్న పేరుతో ఉన్న కొట్టు ముద్ర. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ నా చెవులకి వినపడడం మానేసింది.

“ఈ చుట్ట మీద ఇంక కత్తెర పెట్టకు,” అన్నాను. అల్లుణ్ణి కిందికి పిలిపించాను. “అల్లుడుగారూ, మీకు తీరికైతే ఒక్కసారి ఈ పదిహేడో వరస చూస్తారా?”

“తీరికైతే అంటావేంటక్కా? ఆ మొహం చూసుకున్నావా, సున్నం కొట్టినట్టుంది,” అంది చెల్లెలు.

అతను చూశాడు. ల్యాప్‌టాప్ తెరిచి తను రాసిన వరసల్లో వేలు పెట్టుకుంటూ దిగాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

“మీ పుస్తకంలో పదిహేడో వరసకి వాడకం గడి ఖాళీ. దాని పైన పదహారో వరసలో ‘కట్టడానికి మాత్రమే’ అని ఉంది.”

“అవును. రెండూ ఆ వేలం సరుకే.”

“కొనేవాళ్లకి వీలుగా ఉంటుందని మొత్తాన్నీ మందం ప్రకారం సర్దానత్తయ్యా. సర్దేసరికి పదహారోది పేజీ అడుక్కి పోయింది. పదిహేడోది వెళ్లి ఎత్తడానికి పనికొచ్చే కొత్త చుట్టల కింద చేరింది. ఖాళీ ఉంటే పైదాన్ని తీసుకోమని ఆ తర్వాత చెప్పాను. దానికి పైన ఏముందో అదే తీసుకుంది.” ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. “ముందు నింపి, తర్వాత సర్దాలి. నేను ముందు సర్ది, తర్వాత నింపాను.”

రెండు పనులూ సరైనవే. వరస మారిందంతే. కాగితం మీద పై గడి చచ్చేదాకా పై గడిగానే ఉంటుంది. అది కదులుతుందని నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. ఎవరి పక్కన కూర్చోబెడితే వాళ్ల గుణం పట్టుకునే రకం మనుషుల్లో ఉందని తెలుసు కానీ తాళ్లలో కూడా ఉంటుందనుకోలేదు.

అతన్ని ఏడవనివ్వడానికి అప్పుడు టైము లేదు. “ఇలాంటివి ఇంకెన్ని?” అన్నాను.

సరిగ్గా నింపిన జాబితా ఒకటి తయారుచేసి, పాత జాబితాతో పక్కపక్కన పెట్టి, ప్రతి వరసనూ పోల్చే లూపు నడిపాడు. తొమ్మిది తేడాలు. ఎనిమిదింటిలో ఎత్తే తాడు కట్టే తాడుగా పడింది, వాటితో ప్రాణభయం లేదు. తొమ్మిదోది పదిహేడు.

“ఎవరెవరు పట్టుకెళ్లారు?”

“ఇప్పుడు ఆర్డరు లోపల తాడు ఉంది. తాడు లోపల ఆర్డర్లు వచ్చేలా తిరగేయాలి.” తిరగేశాడు. ఎవరికి ఏం అమ్మాం అని చెప్పే జాబితా, ఏది ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా అయింది. అయిదు పేర్లు. నలభై, ఇరవై అయిదు, ఇరవై, పదకొండు, పద్నాలుగు. కూడితే నూట పది.

ఫోను పట్టుకున్నాను. నలభై మీటర్లు కంచెకి వెళ్లాయి. ఇరవై అయిదు గుడారాలు వేసేవాళ్లు తీసుకున్నారు, అన్నీ నేల మీది మేకులకే కట్టారట. ఇరవై మీటర్లు ఒక పడవ కట్టెయ్యడానికి. ముగ్గురికీ దాంతో ఏదీ ఎత్తొద్దని రెండేసిసార్లు చెప్పాను. పదకొండు మీటర్లు తీసుకున్నది బావుల్లో పూడిక తీసే ఆయన.

“రేపు మనిషిని దింపుదామని పెట్టుకున్నానమ్మా,” అన్నాడు మామూలుగా.

ఆ తాడు మీద ఎవర్నీ దింపొద్దన్నాను. అరగంటలో ఆటోలో తాడు వెనక్కి పంపించాడు.

తొంభై ఆరు తేలాయి. మిగిలిన పద్నాలుగూ యంత్రాలు దింపే మేస్త్రీ దగ్గరున్నాయి. అందరూ అతన్ని ‘నిదానం’ అంటారు, నోరు తెరిస్తే ఆ మాటే వస్తుంది గనక. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. బరువు గాల్లో ఉన్నంతసేపూ నిదానం ఫోను ముట్టుకోడు. అంత జాగ్రత్త గల మనిషి కాబట్టే ముప్పై ఏళ్లుగా ఈ పనిలో బతికి ఉన్నాడు. ఇప్పుడు ఆ జాగ్రత్తే మాకు అడ్డమైంది.

అతని ఇంటికి చేస్తే భార్య చెప్పింది, పాత ప్రెస్సులో పని, రెండో అంతస్తు నుంచి అచ్చు యంత్రం దింపుతున్నారని. అల్లుడు బండి తీశాడు. మోకాలు వంగనంది, ఒక కాలు చాపుకునే వెనక కూర్చున్నాను.

“పేజీ పైన పెద్ద అక్షరాలతో ఒక మాట పెట్టండి. పదిహేడో చుట్ట తాడు ఎత్తడానికి పనికిరాదు, ఉన్నవాళ్లు వెంటనే ఆపండి అని,” అన్నాను దారిలో.

“దిగగానే పెడతాను. సాంకేతిక లోపం వల్ల అని...”

“లోపం కాదు, తప్పు.”

“నా తప్పని రాస్తానత్తయ్యా.”

“కొట్టు తప్పని రాయండి. చీటీ మీద ఉన్నది మీ పేరు కాదు.”

ఆ ఒక్క మాటతో ఎన్ని బేరాలు పోతాయో నాకు తెలుసు. ఆ లెక్క తర్వాత వేసుకోవచ్చు.

మేం చేరేసరికి యంత్రం రెండో అంతస్తు కిటికీ దాటి బయటికి వచ్చేసింది. నల్లగా, గేదెంత ఉంది. కింద లారీ చుట్టూ ముగ్గురు మనుషులు యంత్రం ఊగకుండా పక్కతాళ్లు పట్టుకుని, తలలు పైకెత్తి నిలబడ్డారు. అల్లుడు అరవబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అరిస్తే పైన కప్పీ గొలుసు వదిలేవాడు ఉలిక్కిపడి ఆపేస్తాడు. దిగుతున్న బరువు గభాలున ఆగితే తాడు మీద రెట్టింపు పడుతుంది.

కర్ర చప్పుడు కాకుండా నిదానం పక్కకి వెళ్లి చెవిలో చెప్పాను. అతను యంత్రం మీంచి చూపు తిప్పలేదు.

“ఎంత మోస్తుంది?”

“తెలియదు.”

“ముప్పై ఏళ్లలో ఈ మాట మీ నోట వినలేదమ్మా,” అన్నాడు. పైవాడికి వేలితో సైగ చేశాడు. “నిదానం... నిదానం...” రెండో చేత్తో కింది ముగ్గుర్నీ ఒక్కొక్కరినే వెనక్కి రమ్మన్నాడు. మొదటివాడు వచ్చాడు. రెండోవాడు వచ్చాడు. మూడోవాడు తాడు వదిలితే యంత్రం గోడకి కొట్టుకుంటుందని కదలడం లేదు.

“గోడ పోతే కట్టుకుంటాంలేరా, రారా నాయనా,” అన్నాడు నిదానం, జోల పాడినంత మెల్లగా.

అప్పుడు వినిపించింది. ‘టిక్’మని చిన్న చప్పుడు. గోరు విరిగినంత. తాడు లోపల ఒక తీగ తెగింది. నేను లెక్కపెట్టాను, నాకు వచ్చిన పని అదొక్కటే. ఒకటి. యంత్రం మొదటి అంతస్తు దాటింది. రెండు. మూడు. మూడోవాడు తాడు వదిలేసి పరుగెత్తాడు. యంత్రం గోడని గీసుకుంటూ దిగింది. నాలుగు, అయిదు వెంటవెంటనే. లారీ టైర్లు అణిగాయి. యంత్రం కూర్చుంది.

నిదానం స్క్రూడ్రైవరు తెచ్చి తాడు పురి విప్పాడు. లోపలి నుంచి ఎర్రటి పొడి అతని అరచేతిలో రాలింది. దాన్ని నాకు చూపించి, ఆ చేత్తోనే జేబులోంచి చీటీ తీశాడు.

“మీ కొట్టు ముద్ర ఉందని నేను విప్పి చూడలేదమ్మా. వేరే కొట్టుదైతే చూసేవాణ్ణి.”

తాడు నేల మీద పరిపించి, అలవాటు కొద్దీ కర్రతో కొలిచాను. ఎనిమిది మీటర్లు.

“మిగతా ఆరు?”

“పొద్దున్నే ఎవరో వచ్చాడు. వాళ్ల తాడు పొట్టిదైందట, పనాగిపోయిందట. కోసి ఇచ్చాను.”

“ఎవరు?”

“తెలిసినవాడు కాదు. పసుపు హెల్మెట్టు.”

“ఈ ఊళ్లో హెల్మెట్లన్నీ పసుపే కదా మేస్త్రీ.”

“నడిచే వచ్చాడమ్మా, అంటే ఈ చుట్టుపక్కలే. వాడూ ముందు అనుమానపడ్డాడు. చీటీ చూపించాను. కొట్టు పేరు చదివాక నమ్మి పట్టుకెళ్లాడు.”

నూట పదిలో నూట నాలుగు తేలాయి. ఏ సరుకులోనైనా ఇంత దగ్గరగా తేలితే పుస్తకం మూసేసి ఇంటికి పోవచ్చు. అల్లుడు అక్కడే నిలబడి ఫోన్లోంచే పేజీ మీద ఆ మాట పెట్టాడు. కానీ ఆ ఆరు మీటర్ల మనిషి మా పేజీ ఎన్నడూ చూసినవాడు కాదు, అతని పేరు ఏ బ్రాకెట్ల మధ్యా లేదు. ఎన్నిసార్లు లూపు నడిపినా అతను తగలడు.

అందుకని కాళ్లతో బయల్దేరాం. ఆ వీధంతా కొత్త కట్టడాలే. మొదటిచోట సిమెంటు కలుపుతున్నారు, తాడు పని లేదు. రెండోచోట నైలాను తాడు. మూడోది నాలుగంతస్తులది. పై నుంచి వేలాడుతున్న ఇనుప తాడు కొసన నీళ్ల ట్యాంకు మెల్లగా తిరుగుతూ లేస్తోంది. కింద ఇద్దరు ఆడవాళ్లు ఇటుకలు అందిస్తున్నారు. రెండో అంతస్తు అంచున పసుపు హెల్మెట్టుతో ఒకడు నిలబడ్డాడు.

“అత్తయ్యా, మనదేనా అది?” అన్నాడు అల్లుడు.

నేను ఆడవాళ్లని పక్కకి రమ్మని కర్ర ఊపుతూ, పైకి చూసి గొంతు చించుకున్నాను. “బాబూ, ఆ తాడు ఎక్కడిది?”

మోటారు హోరులో అతనికి వినపడలేదు. ఏమిటన్నట్టు ముందుకి వంగి ఒక చెయ్యి చెవికి పెట్టుకున్నాడు. రెండో చెయ్యి మాత్రం మోటారు వాడికి ‘పైకి, ఇంకా పైకి’ అని సైగ చేస్తూనే ఉంది.