అహల్య సవరం

నా భార్య జుట్టును ఆమె అక్క వరమ్మ తీసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి తలమీంచి, రెండోసారి తన చేతికిచ్చిన దాన్ని. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

దేవుడు తీసుకున్నాడని వరమ్మ అంటుంది. జబ్బు తిరగబెట్టి జుట్టు పోయిందని మా కాలనీ సెక్టర్ 2లో సగం మంది అంటారు. రెండూ అబద్ధాలే.

నా పేరు బంగారయ్య. శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివి, భిలాయి ప్లాంటులో చేరి, రైల్ మిల్లులో రిటైరయ్యాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నాకు వచ్చు.

అహల్యకు కొన్నేళ్ల కిందట ఎడమ రొమ్ములో కాన్సర్ గడ్డ కనిపించింది. మొదట్లోనే పట్టుకున్నారు. రాయ్‌పూర్‌లో రొమ్ము తీసేసి, ఆ చోట సిలికాన్ తిత్తి పెట్టారు. ఇంప్లాంట్ అంటారు. కీమో అవసరం పడలేదు, మాత్రలతో సరిపోయింది. అప్పుడు జుట్టుకు ఏమీ కాలేదు. తిత్తి పెడితే మనిషికి ధైర్యంగా ఉంటుందని డాక్టర్లు చెప్పారు. అహల్య మాత్రం, "ఎవరికీ పాలిచ్చింది కాదు గదా, పోతే పోయింది. ఇప్పుడు బొమ్మదెందుకు?" అంది. మాకు పిల్లలు లేరు.

ఆ తిత్తి ధైర్యం ఇవ్వలేదు. చుట్టూ గట్టిపడి రాయి అయింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. చేయి ఎత్తి దండెం మీద బట్ట ఆరేయలేకపోయేది. చివరికి లోపల చిరిగిందని తేలింది. పోయినేడు వానలకు ముందు మళ్లీ రాయ్‌పూర్ తీసుకెళ్లి తీయించాం. కాన్సర్ ఆనవాలు ఎక్కడా లేదని పరీక్షలన్నీ చెప్పాయి.

ఇంటికొచ్చాక అహల్య చేయి పైకెత్తి చూపించింది.

"బండరాయి దించుకున్నట్టుందండి. సూడండి, ఎంత తేలిగ్గా లెగుస్తందో."

ఒక పక్క చదునుగా ఉందని ఆమె బాధపడలేదు. పైట కాస్త పైకి లాగి పిన్ను పెట్టుకునేది, అంతే. వినాయక చవితి దాటాక జుట్టు రాలడం మొదలైంది. అప్పుడు బాధపడింది.

దిండు మీద, బాత్‌రూమ్ జాలీ మీద, నా చొక్కా మీద, ఎక్కడ చూసినా వెంట్రుకలే. పప్పులో వస్తే ఆమె చూడకముందే తీసి కంచం కింద పెట్టేసేవాణ్ణి. నడుం దాటిన జుట్టు ఆమెది. పెళ్లయిన నాటినుంచి కత్తెర తగలలేదు. పాపిడి వెడల్పయి, చెవుల పైన చర్మం కనబడసాగింది.

"రొమ్మయితే బట్టలో దాక్కుంటాది. జుట్టునెక్కడ దాస్తామండి?" అంది.

పక్క క్వార్టరు ఇంద్రాణి, జబ్బు మళ్లీ మొదలైందా అని గుమ్మంలోంచే అడిగింది. "దీదీ, ఫిర్ సే షురూ హో గయా క్యా?"

"నహీ బెహన్, ఖాలీ బాల్ జా రహా హై" అంది అహల్య.

ఉత్త జుట్టు రాలడమేనంటే ఇంద్రాణి నమ్మలేదు. మర్నాడు ఆపిల్ పళ్లు పట్టుకొచ్చింది. మా కాలనీలో ఎవరైనా ఆపిల్ పళ్లు తెచ్చారంటే ఆ మనిషి మీద ఆశ వదిలేసుకున్నట్టే.

డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె నవ్వింది. పెద్ద ఆపరేషన్ దెబ్బకు జుట్టు కుదుళ్లన్నీ ఒకేసారి నిద్రపోతాయంది. ఆ నిద్రపోయిన జుట్టు రెండు మూడు నెలలకు రాలుతుంది, దాని వెనకే కొత్తది వస్తుంది, గుడ్డు పప్పు తినండి, ఓపిక పట్టండి, అంది. అంతే మందు.

అహల్య ఓపిక పట్టింది. ఊరికే కూర్చోలేదు కూడా. రాలిన ప్రతి వెంట్రుకనూ ఏరి గుడ్డసంచిలో దాచింది. వెంట్రుకలు తీసుకుని గిన్నెలిచ్చేవాడు సైకిల్ మీద మా వీధికి వస్తాడు. ఒకనాడు కిటికీలోంచి ఆ సంచి చూసి ఆగి, పెద్ద డబ్బాకు బేరం పెట్టాడు.

"అమ్మా, ఇత్నా లంబా బాల్! బడా డబ్బా దూంగా."

"నీ డబ్బా నీ నెత్తిన బోర్లించుకో. ఛల్ హట్!"

ఆ జుట్టుతో సవరం కట్టుకుంది. కొనుక్కున్న జుట్టుతో కాదు, సొంత జుట్టుతో. వాళ్లమ్మ ఊళ్లో అలాగే కట్టేదట. అహల్య ఆ వెంట్రుకలను కుంకుడుకాయ పులుసుతో కడిగి, నీడన ఆరబెట్టి, ఒక్కో పాయ చిక్కు తీసి, నల్లదారం కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని పేనేది. మధ్యాహ్నాలన్నీ అదే పని. అది చేస్తున్నంతసేపూ అద్దం వైపు చూసేది కాదు, ఏడ్చేదీ కాదు. సవరం పొడుగవుతున్నకొద్దీ మనిషి కుదుటపడింది.

సంక్రాంతి ముందర ఒక ఉదయం కేకేసింది.

"ఏటండీ, ఇలా రండి. ఎండలోకొచ్చి సూడండి. మొలిసిందా నేదా?"

నుదుటి మీద, పాపిడి పక్కన సన్నటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"మొలిసింది."

"ఎంత?"

"నారుమడి లాగుంది."

"పొగుడుతున్నారేటి, కొత్తగా?"

ఆ రోజు పాటపాడుతూ వంట చేసింది. ఆ మొలక వరమ్మ కంట పడింది.

వరమ్మ, ఆమె మొగుడు జగ్గయ్య పవర్ హౌస్ మార్కెట్లో బట్టల కొట్టు నడుపుతారు. వాళ్ల కొడుకు మధుబాబు చదువుకునే రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. అహల్య చేతి అన్నం తిని పెరిగాడు. వరమ్మ వచ్చి చెల్లెలి తల రెండు చేతులతో వంచి చూసింది.

"మొక్కు తీర్సనేదు గదే. అందుకే సింహాద్రి అప్పన్న తనంతట తను తీసుకున్నాడు."

"ఏ మొక్కు?" అంది అహల్య.

"నిన్ను మొన్నటి ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లినప్పుడు మొక్కుకున్నాను. నా సెల్లి నవ్వుతూ బయటికొస్తే సింహాచలం తీసుకొచ్చి దాని తలనీలాలు ఇప్పిస్తానని. ముడుపు కూడా కట్టినాను."

అప్పుడు నేను మందుల కోసం కిందికి వెళ్లి ఉన్నాను. మొక్కు సంగతి నాకూ వరమ్మ ఇలా అన్నాకే తెలిసింది.

"నన్నడక్కుండా నా తల నువ్వెలా మొక్కుతావే?"

"మత్తులో ఉన్నదాన్ని ఎలాగడుగుతాను? కన్నోళ్లు పిల్లల తల మొక్కరా? అమ్మ పోయాక నీకు అమ్మని నేను కాదేటి?"

"మా జగ్గయ్య అన్నయ్య మీసాలు మొక్కకపోయావా వదినా? అవీ బాగానే పెరిగాయి" అన్నాను.

"నవ్వులాటలు నాతో ఆడు మరిదీ, అప్పన్నతో ఆడకు."

అహల్య ఇవ్వనంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. వరమ్మ వినలేదు, అలిగి వెళ్లింది. అక్కడితో అయిపోయేది. కానీ నెల తిరక్కుండా మధుబాబు స్కూటరును మార్కెట్ దగ్గర ఆటో గుద్దింది. కాలి ఎముక రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రి వరండాలో, పదిమంది చూస్తుండగా, వరమ్మ చెల్లెలి కాళ్ల దగ్గర కూలబడింది.

"మొక్కింది నేను గాబట్టి నా కొడుకుని పట్టుకున్నాడు. నీ జుట్టు కన్నా ఈడి ప్రాణం తక్కువేటే?"

ఆ పిచ్చి మాటలు ఆపమని వార్డులో మంచం మీంచి మధుబాబు అరిచాడు. "అమ్మా, బక్వాస్ బంద్ కర్! పిన్నీ, నువ్వు వినకు. ఆటోవాడు రాంగ్ సైడ్‌లో వచ్చాడు."

ఇంటికొచ్చాక నేనూ అదే చెప్పాను. అప్పన్న ఆటో నడపడన్నాను.

"తెలుసండి. తెలిసినా ఆ కాలు సూస్తే భయమేస్తంది. పిల్లోడి మీద పెట్టనేను."

"నేను వద్దంటున్నాను."

"తలమీది జుట్టు మళ్లీ వొస్తాది. సవరం ఎలాగూ ఉంది. వొచ్చిన దానికి ఇది కలుపుకుంటాను. తలమీదది అప్పన్నకి, సవరం నాకు. ఇది నా కష్టం."

ఆ మాట వరమ్మ ముందు కూడా చెప్పింది. వరమ్మ తలూపింది. నేను చూశాను, తలూపింది.

అక్కతో సింహాచలం బయల్దేరే రోజున ఉన్న కాస్త జుట్టుకు సవరం కలిపి జడ వేసుకుంది. నడుం దాటింది జడ. దుర్గు స్టేషన్లో విశాఖ బండి ఎక్కాలి. ఆటో ఎక్కుతున్నప్పుడు వెనకనుంచి చూస్తే ఏ జబ్బూ ఎరగని మనిషిలా ఉంది. నేను వెళ్లలేదు. వద్దన్న పని జరిగే చోట నేను నిలబడను.

తిరిగొచ్చింది. తలకు పసుపు రంగు తుండు చుట్టుకుంది. సంచి దించి మంచం మీద కూర్చుంది. నేను తల గురించి అడగలేదు.

"సవరమేది?"

తుండు కొస ముడి సరిచేసుకుంది.

"అక్క ఏసేసిందండి."

"ఎందులో?"

"తలనీలాల్లోనే. కత్తి ముందు కూసునేటప్పుడు ఇప్పి దాని సేతికిచ్చినాను. లెగిసి సూస్తే సేతిలో నేదు. అదీ నా జుట్టే గదా, సగమిచ్చి సగం దాసుకుంటే మొక్కు సెల్లదంట."

వరమ్మ ఆటోవాడితో మాట్లాడి అప్పుడే లోపలికి వచ్చింది. ముఖంలో మచ్చుకైనా తడబాటు లేదు.

"మొక్కులో మోసం ఉండకూడదు మరిదీ. ఏ పీచూ దాయకుండా ఇచ్చాం. ఇంక పిల్లోడికీ దీనికీ ఏ ఢోకా ఉండదు."

"సవరం దానిదని నీకు చెప్పిందా లేదా?"

"సెప్పింది. సిన్నపిల్ల మాట. అమ్మలాంటిదాన్ని, మంచేదో నేను సూడాలి గదా."

గుమ్మం చూపించాను. ఇక నా ఇంటి మెట్టు ఎక్కవద్దన్నాను. అహల్య నా చేయి పట్టుకుంది. విదిలించుకున్నాను.

ఆ తర్వాత అహల్య బయటికి వెళ్లడం మానేసింది. కూరగాయల బండి దగ్గరకు నేనే వెళ్లాను. ఇంద్రాణి మళ్లీ ఆపిల్ పళ్లు తెచ్చింది. గుడ్డసంచి మేకుకు ఖాళీగా వేలాడింది. మధ్యాహ్నాలు అహల్య బొటనవేలు ముడుచుకుని తెరుచుకుని చూసుకునేది. చేతులకు పని లేదు. తలమీద మళ్లీ నల్లగా పొడి పొడిగా మొలుస్తోంది. ఈసారి నన్ను పిలిచి చూపించలేదు.

ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక ఉదయం, పాలు మాడిన వాసన వచ్చి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్కన పడి ఉంది. గుండె అన్నారు. ప్రాణం తీసింది వరమ్మ అని నేననను. తీయని దాన్ని తీసిందని చెప్పను. తీసినదే చెబుతున్నాను.

సెక్టరులోని తెలుగు ఆడవాళ్లంతా వచ్చారు. పసుపు రాసి స్నానం చేయించారు, పెద్ద బొట్టు పెట్టారు, పట్టుచీర కట్టారు. పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు అనుకున్నారు. తర్వాత పూల దగ్గర ఆగిపోయారు. ముత్తైదువను జడనిండా పూలతో పంపాలి. పెట్టడానికి జడ లేదు. మల్లెమాలను ఎక్కడ పెట్టాలో తెలియక ఇంద్రాణి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"భయ్యా, గజరా కహా లగావూ?"

నేను చెప్పేలోపు వరమ్మ ముందుకొచ్చింది. చావు ఇల్లు కాబట్టి ఆమెను ఎవరూ ఆపలేదు. పవర్ హౌస్ మార్కెట్లో కొన్న నైలాన్ సవరం ఆమె చేతిలో ఉంది. నల్లగా, బూటు పాలిష్‌లా మెరుస్తోంది.

"జడ నేకుండా నా సెల్లిని పంపను" అంటూ వంగి, దాన్ని ఆ తలకు దారంతో కట్టబోయింది.

"ముట్టుకోకు" అన్నాను.

"మరిదీ, ముత్తైదువ..."

"అది పట్టుకుని గేటు బయటికి వెళ్లు వదినా."

జగ్గయ్య నా భుజం మీద చేయి వేశాడు. తీసేశాను. వరమ్మ వెళ్లింది. శవాన్ని తీసుకెళ్లే బండి కదిలేదాకా గేటు అవతల ఆ నైలాన్ ముక్క పట్టుకుని ఎండలో నిలబడింది. మాలను చేతిలో పెట్టమని ఇంద్రాణికి చెప్పాను. అహల్య పూలు చేత్తో పట్టుకుని వెళ్లింది.

పదో రోజున వరమ్మ మళ్లీ వచ్చింది. మధుబాబు చంకకర్రల మీద తల్లి పక్కన నిలబడ్డాడు. ఆమె మెట్టు ఎక్కలేదు. గేటు ఊచలు పట్టుకుని అడిగింది.

"మరిదీ, అది నా గురించి ఏటన్నా అందా? ఒక్క మాట సాలు. తిట్టినా సెప్పు, ఇంటాను."

"బాబాయ్, చెప్పు. అమ్మ తిండి తినడం లేదు" అన్నాడు మధుబాబు.

అహల్య ఒక మాట అంది. పోయే ముందురోజు, పెరట్లో ఎండకు తల ఆరబెట్టుకుంటూ అంది. అక్క ఇక్కడికి రావడానికి మీరు ఒప్పుకోరు, కాబట్టి మీరే వెళ్లి చెప్పండి అని కూడా అంది. మంచి మాట. వరమ్మ వినాలని ఊచలు పట్టుకుని వేలాడుతున్నది సరిగ్గా ఆ మాట కోసమే.

"చెప్పను" అన్నాను.

"సెప్పనంటే, అందన్నమాటే గదా! ఏటంది మరిదీ? ఏటంది?"

తలుపు వేసుకున్నాను.

ఇంకా కబుర్లు వస్తూనే ఉన్నాయి. జగ్గయ్య వచ్చాడు. మధుబాబు కర్రలు వదిలేసి నడుస్తూ వచ్చాడు. నిన్న వరమ్మ ఇంద్రాణి చేత కూడా అడిగించింది. చనిపోయినదాని మాట దాచడం పాపమట. అడక్కుండా ఒకరి సొత్తు ఇచ్చేయడం తెలిసినవాళ్లకు అడిగినా దొరకకపోవడం ఎలా ఉంటుందో తెలియాలి.

ఆ మాట అహల్యది. నాకిచ్చింది. నాతోనే పోతుంది. ఇక ఈ విషయం నా నోట రాదు, ఎవరి దగ్గరా, ఎప్పుడూ.