ముందు పరుగెత్తేవాడి మాస్కు

నేను ఒక మాస్కును. ఈ మాట వినగానే మీ చెయ్యి ముక్కు దగ్గరికి పోతుందని నాకు తెలుసు. ఆ గుడ్డపేలికలతో నాకు ఏ చుట్టరికమూ లేదు. నేను హాకీ మాస్కును. గట్టి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల స్పాంజి మెత్తలు, తల వెనక బిగించడానికి సాగే పట్టీ. మీరట్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అచ్చులోంచి నన్ను బయటికి తీసినతను ఇంకా వేడి తగ్గకముందే ముఖానికి పెట్టుకుని పక్కవాణ్ణి బెదిరించాడు. మనుషుల ముఖంతో నా మొదటి పరిచయం అది. ధైర్యం చెప్పడానికి పుట్టినదాన్ని బెదిరించడానికి వాడుకోవడం వాళ్లకు కొత్తేమీ కాదని తరువాత తెలిసింది.

నా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. హాకీలో పెనాల్టీ కార్నర్ అనేది ఒకటుంది. అవతలి జట్టువాడు గోల్ పక్కన గీత మీద నుంచి బంతిని బయటికి నెడతాడు. దూరంగా కాచుకున్న వాళ్లలో ఒకడు దాన్ని ఆపితే, ఇంకొకడు గోల్ లోకి విసురుతాడు. గోల్ గీత వెనక మనవాళ్లు ఐదుగురే ఉంటారు. ఆ ఐదుగురిలో ఒకడు, బంతి కదలగానే, విసిరేవాడి మీదికి నేరుగా పరుగెత్తాలి. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే బంతికి ఎదురుగా వెళ్లడం అతని ఉద్యోగం. నేను ఉండేది ఆ పిచ్చివాడి ముఖం మీద.

సికింద్రాబాద్‌లో ఒక రైల్వే జట్టుకు నన్ను కొన్నారు. మొదట కనకరాజు అనే ఆయన పెట్టుకున్నాడు. ఆయన ఆట మానేసిన రోజు నన్ను ఆశీర్వాదం అనే ఆటగాడి తలకు తన చేత్తోనే బిగించాడు. ఆ జట్టులో అది ఆనవాయితీ. ముందు పరుగెత్తేవాడు తప్పుకునేటప్పుడు మాస్కును తరువాతివాడి తలకు తనే కట్టాలి. ఇచ్చేదాకా ఎవరూ అడగకూడదు. అడగడమంటే ఇక నువ్వు పొమ్మని చెప్పడమే. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు నా పట్టీ ఒకే బిగువు మీద ఉండిపోయింది.

ఆశీర్వాదం ముఖం మీద గడిపిన మొదటి ఆరేళ్లూ నా జీవితంలో వైభోగం. గీత మీద వంగి నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. బంతి కదిలిందంటే మేము గాలిలో ఉన్నట్టే. విసిరేవాడు స్టిక్ వంచేలోగా వాడి ఒళ్లోకి వెళ్లి పడేవాళ్లం. నా మీద ఇప్పుడున్న ఏడు గీతల్లో ఐదు అప్పటివే.

తరువాత మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. ఒక అడుగు తగ్గింది, ఏడాదికి రెండో అడుగు తగ్గింది, ముప్పై ఎనిమిదో ఏడు వచ్చేసరికి మూడు అడుగులు తగ్గాయి. జనానికి ఇది కనిపించలేదు. అతని కళ్లకూ లోకానికీ మధ్య ఉన్నదాన్ని కాబట్టి నాకు కనిపించింది. ఆశీర్వాదం బంతిని చూడటం మానేశాడు. బంతిని నెట్టేవాడి భుజాన్ని చూస్తున్నాడు. భుజం కొంచెం వాలగానే బంతి కదలబోతోందని ఊహించి, కదలకముందే బయలుదేరుతున్నాడు. పోగొట్టుకున్న అడుగుల్ని దొంగతనంగా రాబట్టుకుంటున్నాడన్నమాట. పట్టుబడితే అంపైర్ అతణ్ణి సెంటర్ గీతకు పంపేస్తాడు, మిగిలిన నలుగురే గోల్ కాచుకోవాలి. ఆ ఏడాది పెద్ద టోర్నీలో రెండుసార్లు అలా చేసి తప్పించుకున్నాడు. మర్నాడు పేపర్లో 'వన్నె తగ్గని ఆశీర్వాదం' అని ఫొటో వేశారు. నాకు సిగ్గేసింది.

కోచ్ ఇలియాస్ సాబ్‌కు అనుమానం రానే వచ్చింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడినవాళ్లు, ఒకే గదిలో పడుకున్నవాళ్లు. మూడు వారాల పాటు రోజూ దగ్గరికి వచ్చేవాడు.

"ఆశీర్వాదం, ఒక్క మాట."

"చెప్పు భాయ్."

"మోకాలు ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"అయితే సరే." అంతే, వెళ్లిపోయేవాడు. బంతికి ఎదురెళ్లిన మగాళ్లు ఒక్క వాక్యానికి ఎదురెళ్లలేకపోయారు.

ఇంట్లో భార్య సలోమి మొహమాటం లేకుండానే అడిగేది. "ఇంకెన్నేండ్లయ్యా?" అంటే, "ఈ కప్పు అయిపోనీ" అనేవాడు. అలా మూడు కప్పులు అయిపోయాయి, మూడూ వేరేవాళ్ల బీరువాల్లోకి పోయాయి. ఇంకొక భయం కూడా ఉంది, అది సలోమికి కూడా చెప్పలేదు. పదిహేడేళ్లుగా అతను ఆటల కోటాలో రైల్వే ఉద్యోగి. తన కుర్చీ ఏ అంతస్తులో ఉందో ఇప్పటికీ తెలియదు. ఆట మానేసిన మర్నాడు పొద్దున్నే ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో అతనికి నిజంగా తెలియదు. ఆ భయం అతని చెమటలో ఉండేది, నేను పీల్చుకునేదాన్ని.

ఫైనల్ రోజు వచ్చింది. అవతల పోలీసు జట్టు. మనవాళ్లు రెండు, వాళ్లు ఒకటి. ఆఖరి నిమిషంలో పోలీసులకు పెనాల్టీ కార్నర్ దొరికింది. అది ఆపితే కప్పు మనది.

ఐదుగురూ గోల్ గీత వెనక్కి చేరారు. ఆశీర్వాదం పక్కన రెండో పరుగుకు బాణోత్ హరిచంద్ నిలబడ్డాడు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చినవాడు, ఇరవై రెండేళ్లు. వాడి మాస్కు సెమీఫైనల్లో నిలువునా పగిలింది, కొత్తది ఇంకా రాలేదు, ఆ రోజు బోడి ముఖంతోనే ఆడుతున్నాడు. రెండోవాడు పక్కకు పరుగెత్తుతాడు కాబట్టి పరవాలేదులే అనుకున్నారు.

ఆశీర్వాదం ఊపిరి బిగబట్టాడు. కళ్లు బంతి మీద లేవు, భుజం మీద ఉన్నాయి. వద్దయ్యా, బంతిని చూడు, అని నా ప్లాస్టిక్ గుండె కొట్టుకుంది. భుజం వాలింది. మేము దూకాం. బంతి అక్కడే ఉంది.

విజిల్ మోగింది. అంపైర్ చెయ్యి సెంటర్ గీత వైపు చూపించింది.

"నేను ముందుగాల కదల్లే సార్!"

అంపైర్ చెయ్యి దించలేదు. ఆశీర్వాదం తల వంచుకుని మైదానం మధ్యకు నడిచాడు. వెనక నలుగురూ హడావిడిగా స్థానాలు మార్చుకుంటున్నారు. ఇప్పుడు ముందు పరుగెత్తాల్సింది హరి. వాడు ఒక అడుగు మా వెంట వచ్చాడు, నోరు తెరిచాడు, మళ్లీ మూసుకుని వెనక్కి పోయాడు. ఆశీర్వాదం చూడలేదు. నేను చూశాను. నన్ను ఇక్కడ దించి పోవయ్యా అని అరవాలనిపించింది. నాకు నోరు లేదు, ఉన్న ముఖం నాది కాదు.

సెంటర్ గీత దగ్గర నిలబడి, చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు. చెయ్యి నుదుటికి తగల్లేదు, నాకు తగిలింది. యాభై గజాల అవతల, గీత మీద బోడి ముఖంతో హరి వంగి ఉన్నాడు.

"హరీ! ఆగు..."

విజిల్ మోగింది. బంతి కదిలింది. అప్పుడే హరి కూడా కదిలాడు, అంతకు ముందు కాదు. మా వైపే పరుగెత్తుకొస్తున్నాడు. విసిరేవాడికి ఇంకా ఎనిమిది అడుగులు, ఏడు, ఆరు. ఆశీర్వాదం ఎప్పుడూ బంతిని కలిసే చోటును దాటాడు, ఇంకా మూడు అడుగులు ముందుకు వచ్చాడు. విసిరేవాడి స్టిక్ లేచింది. చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు, వెంటనే ఇంకేదో మెత్తగా తగిలిన చప్పుడు వినిపించాయి. బంతి పక్కగీత దాటి దొర్లిపోయింది. హరి కింద పడ్డాడు.

ఆట ముగిసింది. మనవాళ్లు గోల్ కీపర్ మీద పడి కేరింతలు కొడుతున్నారు. ఆశీర్వాదం మాత్రం హరి దగ్గరికి పరుగెత్తాడు. ఆ మోకాలితో అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. హరి గడ్డం చీలింది. పచ్చటి మైదానం మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"అన్నా, గెలిచినమా?"

"గెలిచినంరా. గానీ మాస్కు నా మొఖానికే ఉండిపాయె. అడగొచ్చు గదరా!"

హరి గడ్డాన్ని అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. "ఎట్ల అడుగుతనే అన్నా? అడిగితే నిన్ను ఆట ఇడిసిపెట్టమన్నట్టే గద."

ఆశీర్వాదం నన్ను ముఖం మీంచి తీశాడు. మామూలుగా తీసి వల లోకి విసిరేసేవాడు. ఆ రోజు రెండు చేతులతో పట్టుకుని నా లోపలికి చాలాసేపు చూశాడు. కప్పుతో ఫొటో దిగేటప్పుడు నన్ను వీపు వెనక దాచుకున్నాడు.

హరికి ఐదు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో ఇలియాస్ సాబ్ వచ్చి నిలబడ్డాడు.

"ఆశీర్వాదం, ఒక్క మాట."

"మోకాలు మంచిగ లేదు భాయ్. మూడేండ్ల సంది లేదు. ఇగ నేను ఆడను."

ఇలియాస్ సాబ్ "చాయ్ తాగుదామా?" అన్నాడు. ఇద్దరూ తాగారు. సగం సగం గ్లాసుల్లోనే వదిలేశారు.

కుట్లు విప్పిన వారానికి, పొద్దున ప్రాక్టీసుకు ఆశీర్వాదం ఇస్త్రీ చొక్కా, నల్ల ప్యాంటుతో వచ్చాడు. ఆఫీసులో చేరాల్సిన రోజు అది. మూడో అంతస్తట, ముందు రోజే పోయి కుర్చీ చూసొచ్చాడట.

"హరీ, తల ఇటు తే."

తొమ్మిదేళ్లుగా ఒకే చోట ఉన్న నా పట్టీని లాగాడు. అక్కడ మురికి గట్టిపడిపోయింది, నేనూ కొంచెం మొండికేశాను. చివరికి జారింది. హరి తల చిన్నది, రెండు వేళ్ల మేర బిగించాల్సి వచ్చింది.

"గట్టిగుందా?"

"జర గట్టిగుందన్నా."

"ఉండనీ."

తరువాత బూట్లు విప్పి పక్కన పెట్టి, వట్టి కాళ్లతో గోల్ పక్కన గీత మీదికి వెళ్లి, తనే బంతి నెట్టడానికి నిలబడ్డాడు. కొత్త కళ్ల ముందు నుంచి నేను అతణ్ణి చూశాను. తొమ్మిదేళ్లలో అతని ముఖాన్ని బయటి నుంచి ఇంత తేరిపార చూడటం నాకు అదే మొదటిసారి. కనుబొమల దగ్గర నెరిసిపోయిందని అప్పుడే తెలిసింది.

ఆశీర్వాదం వంగాడు. కావాలనే భుజం వాల్చాడు. హరి కదలలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా వాల్చాడు. నేను అలవాటు కొద్దీ దూకబోయాను, హరి కళ్లు బంతి మీంచి లేవలేదు.

"శభాష్" అన్నాడు ఆశీర్వాదం, తనలో తనే అన్నంత మెల్లగా. ఆ తరువాత బంతి కదిలింది, మేము పరుగెత్తాం. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు, నా లోపల ఎలాగూ ఎప్పుడూ చెమటే కదా.