మూడో సంచి

నీళ్ల ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా లెక్కల తాత పని ఒకటే. పొద్దున్నే ఫ్లోరైడ్ పొడి సంచులు నాలుగు విప్పి, పైకి లెక్కపెడుతూ తొట్టిలో పోయడం. ఆయన గొంతు నీళ్లలో కలిసి ఊరంతా పారుతుంది. కుళాయి తిప్పితే ముందు లెక్క వినిపిస్తుంది, తర్వాత గిన్నె నిండుతుంది. తాతకి జలుబు చేస్తే ఊళ్లో అందరికీ తెలుస్తుంది.

ఆ రోజు పని మధ్యలో ఇంటి నుంచి కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, పాప పాలపొడిలో కుళాయి నీళ్లే కలపనా? ఫ్లోరైడ్ పిల్లలకి మంచిది కాదని పక్కింటావిడ ఒకటే భయపెడుతోంది."

"తగినంత వేస్తే పళ్లకి మేలే. ఎక్కువైతేనే ఇబ్బంది. నేను కొలిచి వేస్తున్నానుగా, నిశ్చింతగా కలుపమ్మా," అన్నాడు తాత.

పని ముగిశాక అనుమానం పట్టుకుంది. మూడో సంచి ఫోన్‌కి ముందు పోశాడా, తర్వాతా? కొంపదీసి రెండుసార్లూ పోశాడా? ఖాళీ సంచులు నిన్నటివాటిలో కలిసిపోయాయి. నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే మిషను రిపేరుకి వెళ్లింది.

వెళ్లి చెబితే సూపరింటెండెంటు తల కూడా ఎత్తలేదు. "ఒక్క సంచి ఎక్కువైతే ఒక్కరోజులో ఎవరికీ ఏమీ కాదు. నీళ్లు ముందు చేరే పై వీధులవాళ్లు లెక్క తప్పిందని ఎవరైనా ఫోన్ చేశారా? లేదుగా. మీరే చాటింపు వేస్తే రేపట్నుంచి ఊరు ఈ నీళ్లు ముట్టదు. ఊరుకోండి."

రోజూ వినే లెక్కని ఎవరు పట్టించుకుంటారు? తాత ఇల్లు పైపుకి చిట్టచివర ఉంది. పొద్దుటి నీళ్లు అక్కడికి చేరేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఆయన ఇంటికొచ్చి కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరిగాడు. కూతురు పాలసీసా తెస్తే లాక్కున్నాడు.

"మీరే కలపమన్నారు కదా నాన్నా?"

"కాసేపు ఆగమ్మా."

నాలుగింటికి కుళాయి దగ్గింది. "ఒకటి... రెండు... మూడు..." తర్వాత పళ్ల మేలు గురించి రెండు ముక్కలు, చివర్లో "నేను కొలిచి వేస్తున్నానుగా, నిశ్చింతగా కలుపమ్మా." ఆ వెంటనే, "మూడు... నాలుగు."

కూతురు ఆయన చేతిలోంచి సీసా తీసుకుని అలమరలో పెట్టేసింది. ఆమె తిట్టినా తాతకి ఇంత బాధ ఉండేది కాదు.

చెప్పులు కూడా వేసుకోకుండా ప్లాంటుకి పరుగెత్తి, ట్యాంకు మీదికి వంగాడు. "మూడో సంచి రెండుసార్లు పోశాను. తప్పు నాది. పరీక్ష చేయించేదాకా పసిపిల్లలకి ఈ నీళ్లు కలపకండి." ఆ మాట వీధి వీధికీ పారింది.

మర్నాడే ఆయన్ని పనిలోంచి తీసేశారు. పరీక్షలో నీళ్లు బాగానే ఉన్నాయని తేలింది. కొత్త ఆపరేటరు బాగా చదువుకున్నవాడు, లెక్క మనసులోనే పెట్టుకుంటాడు. కుళాయిలు మూగబోయాయి. మూడు రోజులు ఊళ్లో ఒక్క గిన్నె నిండలేదు. మాటాడని నీళ్లని నమ్మేదెలా? నాలుగో రోజు సూపరింటెండెంటే వచ్చి తాతని స్కూటర్ ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

ఇప్పుడు తాత సంచులు ముట్టుకోడు. ఆపరేటరు చేతుల మీంచి చూపు తిప్పకుండా పైకి లెక్కపెడతాడు, అంతే. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళతాడు. కూతురు మళ్లీ ఆ నీళ్లే కలుపుతోంది. కానీ మూడు తర్వాత నాలుగు వినిపించేదాకా సీసా కుళాయి కింద పెట్టదు.