నిజామాబాద్‌లో ఒక పూట

శనివారం అంకిత పాఠాలు చెప్పే స్కూలుకు సెలవని మెసేజ్ వచ్చిన పది నిమిషాలకే నితీష్ బండి తీశాడు. నిజామాబాద్ పోదాం, లాడ్జిలో దిగుదాం, సినిమా చూసి రేపు వద్దాం అన్నాడు. పెళ్లై ఎనిమిది నెలలైనా బోధన్‌లో ఉమ్మడి ఇంట్లో అందరి మధ్యా ఇద్దరూ తనివితీరా మాట్లాడుకున్నది తక్కువ. అంకిత రెండు జతల బట్టలు సంచిలో కుక్కి వెనకెక్కింది. చెరుకు ట్రాక్టర్లను దాటుకుంటూ అతను పాటలు పాడుతుంటే వీపుకు చెంప ఆనించి కూర్చుంది.

బస్టాండు దగ్గర దొరికిన గది ఫోన్‌లో చూసినట్టు లేదు. దిండు మీద ఎవరిదో తలనూనె మరక. దుప్పటి దులిపితే నమిలి ఊసిన వక్క ముక్క రాలింది. స్నానాలగదిలో నీళ్లు పోక నిలిచిపోయాయి. వాటి మీద నురగ, అన్నం మెతుకులు, చింపిన షాంపూ పాకెట్లు. అంకిత ముక్కు మూసుకుని నవ్వేసింది. వేరే లాడ్జి చూద్దామంది.

నితీష్ ఒప్పుకోలేదు. కిందికి ఫోన్ చేసి అరిచాడు. కాసేపటికి అరవై ఏళ్ల ఆడమనిషి చీపురు పట్టుకుని వచ్చింది. అంకిత అడిగితే పేరు గంగమణి అని చెప్పింది. నీళ్లు చూసి, ఇనుప చువ్వ, గ్లౌజులు కిందున్నాయి, తెచ్చుకుంటానంది.

"గంత సేపు ఎవలాగుతరు? చెయ్యి వెట్టి తియ్యి," అన్నాడు నితీష్.

ఆమె ఒకసారి అంకిత వైపు చూసింది. తరవాత కొంగు ముక్కుకు చుట్టుకుని, గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి దింపింది. నల్లటి జిగటతో వెంట్రుకల ముద్ద పైకి వచ్చింది. ఆ వాసనకు ఆమెకే ఓకారం వచ్చి తల తిప్పుకుంది.

అప్పుడు చూసింది అంకిత. నితీష్ వీడియో తీస్తున్నాడు.

"మొఖం ఇటు తిప్పు. ఇంకోసారి ఎత్తి సూపెట్టు," అంటున్నాడు.

వద్దని అంకిత అంటే కన్నుగొట్టాడు. గంగమణి చేతుల మీద సబ్బేసి, అంకితే మగ్గుతో నీళ్లు పోసింది.

ఆ వీడియో మేనేజరుకు చూపించి, నలుగురికీ పంపుతానని బెదిరించాడు నితీష్. పావుగంటలో పై అంతస్తులో ఏసీ గది ఇచ్చారు. తెల్లటి దుప్పట్లు, మెరిసే గచ్చు. బిర్యానీ తెప్పించాడు. తింటూ వీడియో మళ్లీ పెట్టుకుని, గంగమణి ఓకరించే చోట ఆపి ఆపి నవ్వాడు. మసాలా అంటిన వేళ్లు నాకి అదే చేత్తో స్నేహితుల గ్రూపులో పెట్టాడు.

అంకిత ప్లేటు పక్కకు జరిపింది. తీసెయ్యమంది.

"ఏమైతది? ఆమెకు గా పని రోజూ ఉండేదే గదా," అని అంకిత భుజం మీద చెయ్యేశాడు.

మురికి నీళ్ల దగ్గర రాని వాంతి ఇప్పుడు వచ్చింది. అద్దంలా ఉన్న బాత్రూంలోకి పరుగెత్తి కక్కింది. మొహం కడుక్కుని వచ్చి, అతని ఫోన్ తీసుకుని, గ్రూపులోదీ ఫోన్‌లోదీ చెరిపేసింది. నీకు సోకెక్కువైందన్నాడు. ఆమె సంచి భుజానికేసుకుంది.

కింద మేనేజరు, ఒట్టి చేతులు పెట్టి వీడియోలో పడి లాడ్జి పరువు తీశావంటూ గంగమణిని రేపటి నుంచి రావద్దంటున్నాడు. అంకిత బల్ల ముందు నిలబడింది.

"గ్లౌజులు తెచ్చుకుంటనన్నది అవ్వ. మా ఆయననే పోనియ్యలే. తప్పు మాది, ఆమెనేం అనకుండ్రి."

మేనేజరు గొణిగాడు గానీ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. గంగమణి చీపురు తీసుకుని మెట్లెక్కింది.

అంకిత బోధన్ బస్సెక్కింది. ఊరు దాటకముందే బస్సు ఆగిన చోట నితీష్ బండి కిటికీ పక్కకు వచ్చింది. దిగమన్నాడు, సినిమాకు టైముందన్నాడు.

"నువ్ పో. నాకు నీ పక్కన కూసోబుద్ధయితలేదు," అంది మెల్లగా.

బస్సు కదిలింది. ఇంట్లో ఇద్దరూ మామూలుగానే తిరిగారు. కానీ అతను కలిపి పెట్టిన ముద్ద తినడానికి ఆమెకు నెలలు పట్టింది.