ఇరవై ఆరు డిగ్రీల ఇల్లు

మా ఆయన కాశీరాం గురూజీ ఇల్లు కట్టే ముందు మేస్త్రీతో మాట్లాడలేదు, సూర్యుడితో మాట్లాడాడు. ఇరవై ఏళ్ళుగా నాందేడ్‌లో పిల్లలకు భూగోళం చెబుతున్న మనిషి. ఏ నెలలో సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో జొన్నపిండి ఎంత ఉందో మాత్రం మెలకువలో అడిగినా తెలియదు.

ఈ ఇంటి గొడవకు మూలం నేనే. అంతకుముందు మేము కిరాయికి ఉన్న ఇంట్లో వంటిల్లంటే పడమటి పక్కకు దించిన రేకుల సాయమాను. మే నెల సాయంత్రం రొట్టెలు చేయడానికి కూర్చుంటే పైన రేకు, కింద పెనం, నడుమ నేను. ముగ్గురం కలిసి కాగేవాళ్ళం. డెబ్బై నాలుగు వేసవిలో ఒకరోజు పొయ్యి ముందే కళ్ళు తిరిగి పడిపోయాను. మోచేయి పెనానికి అంటుకుని తోలు ఊడింది. ఆయన మందు రాస్తూ, "విద్యా, ఎండ రాని వంటిల్లు కట్టిస్త. ఇది నా మాట" అన్నాడు. నేను నమ్మాను. నాకు బంగారం వద్దు, పట్టుచీర వద్దు, ఆ వంటిల్లు ఒక్కటి చాలనుకున్నాను.

ఏడాది తిరగకుండానే ఊరి చివర ప్లాటు కొన్నాం. ఆనాటి నుంచి భోజనాల దగ్గర పాఠం మొదలైంది. ఆయన రొట్టెను నిలబెట్టి గోడ అనేవాడు, ఉల్లిగడ్డను సూర్యుడనేవాడు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన నలభై ఏడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడట, కాబట్టి దక్షిణపు కిటికీలోంచి వంగి లోపలికొచ్చి ఇంటిని వెచ్చబెడతాడు. మే నెల మధ్యలో నడినెత్తికెక్కుతాడు, అప్పుడు కిటికీ మీద రెండడుగుల ఛజ్జా ఉంటే లోపలికి కాలు పెట్టలేడు. జూన్‌లో నాలుగే నాలుగు డిగ్రీలు ఉత్తరానికి వాలతాడు, దానికి తొమ్మిదంగుళాల ఛజ్జా చాలు. అందుకని దక్షిణాన తన చదువుల గది, ఉత్తరాన నా వంటిల్లు, దానికి పెద్ద కిటికీ.

"మరి సాయంత్రం పూట?" అని అడిగాను. నాకు కావలసింది సాయంత్రమే.

"సాయంత్రం పొద్దు పడమటి గోడకు కొడ్తది. ఆ గోడకు కిటికీనే పెడ్తలేను. నీ దిక్కు అచ్చేది పూసంత ఎండ. గంతే" అన్నాడు. ఆ ఉల్లిగడ్డ కొరికి, రొట్టె తినేసి చేయి కడుక్కున్నాడు.

డెబ్బై అయిదు పాడ్వా, అంటే ఉగాది పండుగ నాడు ఇంటికి ముగ్గు పోశాం. మేస్త్రీ పోచన్నది తెలంగాణ సరిహద్దు పల్లె. మాటలు తక్కువ, చేతివాటం మంచిది. కర్ర నీడ మిట్టమధ్యాహ్నం ఎటు పడితే అదే నిజమైన ఉత్తరమని, దాన్నిబట్టే గోడల వరుస తీయాలని మా ఆయన పట్టు. ఆరడుగుల కర్ర పాతి, సున్నం డబ్బా చేతబట్టుకుని, ఊరి భోంగా కోసం చెవులు నిక్కించుకుని నిలబడ్డాడు. మా ఊళ్ళో పన్నెండు కొట్టగానే భోంగా, అంటే సైరన్, మోగుతుంది. రేడియో టైముకు కలిపి మోగిస్తారు, క్షణం తప్పదు.

భోంగా మోగింది. ఆయన నీడ కొస దగ్గర గుర్తు పెట్టాడు. నీడ మొత్తం అడుగుంబావు.

"జర ఆగుండ్రి సారూ. పొద్దు ఇంక నెత్తి మీదికి రాలే" అన్నాడు పోచన్న.

"భోంగ ఇనవడలేదా? పన్నెండయింది."

"భోంగకు అయింది సారూ. పొద్దుకు కాలే."

"నేను పాఠం జెప్పేటోన్ని. నాకే పాఠం జెప్తవా?"

పోచన్న తలపాగా సర్దుకుని తాడు అందుకున్నాడు. ఆ అడుగుంబావు గుర్తును తాడు లాగి నలభై అడుగులు సాగదీశారు. తాడు ప్లాటుకు ఏటవాలుగా పోయింది. "దారికి సక్కగ కట్టుదాం, అందరు గట్లనే కట్టుకున్నరు" అని పోచన్న ఇంకోసారి అన్నాడు. మా ఆయన నవ్వాడు. "దారి మున్సిపాలిటీ ఏసింది, ఉత్తరం దేవుడు ఏసిండు" అన్నాడు. కూలీలు సద్దిమూటలు విప్పింది ఆ తర్వాత ఎప్పుడో. మా ఆయన మీది మర్యాదతో ఆగారనుకున్నాను.

ఇల్లు లేచింది. రోడ్డుకు భుజం తిప్పుకుని అలిగిన కోడలిలా నిలబడింది. నాలుగు మూలలా నాలుగు ముక్కోణపు జాగాలు మిగిలాయి. ఒకదాంట్లో వంకాయ మడి వేశాను, తక్కినవి వెనకింటి రఖమాబాయి మేకలు పంచుకున్నాయి. ఆ రఖమాబాయే దానికి "గురూజీంచం వాకడం ఘర్" అని పేరు పెట్టింది, గురూజీ గారి వంకర ఇల్లని. నెల తిరిగేసరికి రిక్షావాళ్ళకు ఆ పేరు చెబితే చాలు, నేరుగా తెచ్చి దించేవాళ్ళు. మా ఆయనకు కోపం రాలేదు. పైగా గర్వం. "ఊరంత వంకరున్నది, మనదొక్కటే సక్కగున్నది" అనేవాడు.

చలికాలంలో ఎండ చెప్పినట్టే చదువుల గదిలోకి వచ్చింది. కాకపోతే చెప్పిన దానికన్నా ముందే వచ్చి, మధ్యాహ్నం దాటగానే వెళ్ళిపోయింది. పొగమంచు వల్ల అలా అయిందన్నాడు ఆయన. నేను పట్టించుకోలేదు. నా పరీక్ష మే నెలలో కదా.

మే రెండో తారీఖు సాయంత్రం అయిదు గంటలకు స్టవ్వు ముందు నిలబడ్డాను. వీపు మీద ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే పెద్ద కిటికీ నిండా సూర్యుడు.

"ఏమండీ, పొద్దు వంటింట్లకు అచ్చింది, సూడుండ్రి."

"రాదు. లెక్క ప్రకారం రాదు" అన్నాడు చదువుల గదిలోంచి. అక్కడ చల్లగా ఉంది కాబట్టి గొంతు కూడా చల్లగానే ఉంది.

"లెక్కల రాలే. స్టవ్వు కాడికి అచ్చింది."

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు ఆలోచించాడు. అది సూర్యుడు కాదట. రఖమాబాయి గోడకు కొత్తగా వేసిన సున్నం మీది వెలుగట. మర్నాడు ఆమెను బతిమాలి గోడకు ఎర్రమట్టి పూయడానికి ఒప్పించాడు. "పూసేది నువ్వే గురూజీ, నాకు నడుం లేవదు" అని ఆమె మరాఠీలో తేల్చేసింది. భూగోళం మాస్టారు లుంగీ ఎగగట్టి, బకెట్ పట్టుకుని పరాయి గోడకు మట్టి పూస్తుంటే, దారిన పోయే ప్రతి శిష్యుడూ ఆగి నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం సూర్యుడు ఎర్రగోడను పట్టించుకోకుండా సరిగ్గా అయిదింటికి నా వీపు మీదికి వచ్చాడు. కిటికీకి తడి గోనెపట్టా కట్టి చూశాను. చీకటీ ఉక్కా కలిసి ఊపిరి ఆడలేదు. కోపం రాలేదంటే అబద్ధం. కోపం కన్నా దుఃఖం ఎక్కువ వచ్చింది. ఇల్లు కిరాయిదైతే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. సొంత ఇంటినుంచి ఎక్కడికి పోతాను?

రెండు వారాలకు పోచన్న వానలకు ముందు కప్పు సరిచేయడానికి వచ్చాడు. చాయ్ ఇస్తూ నా గోడు చెప్పుకున్నాను. అతను కిటికీని చూసి, నన్ను చూసి, మెల్లగా అన్నాడు.

"అక్కా, ఆ దినం భోంగ మోగినప్పుడు నీడ ఇంక పక్కకే ఉండె. పొద్దు నెత్తికి రానిది మేము రొట్టె ముట్టం. భోంగ అయినంక ఇరవై నిమిషాలకు కూసున్నం తినుటానికి. సారుకు జెప్తె కోపం జేసిండు."

చదువుల గదిలో పెన్ను కిందపడిన చప్పుడైంది. మా ఆయన బయటికొచ్చి నిలబడ్డాడు. ఏటా ఎనిమిదో తరగతిలో ఆయనే చెబుతాడు, దేశం మొత్తానికి గడియారం ఒకటేననీ, దాన్ని ఎక్కడో తూర్పున ఉన్న గీతను బట్టి పెట్టారనీ, అక్కడ మిట్టమధ్యాహ్నమైన ఇరవై ఒక్క నిమిషాలకు గానీ నాందేడ్‌కు మధ్యాహ్నం కాదనీ. తప్పు రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కిస్తాడు.

మర్నాడు మళ్ళీ కర్ర పాతాడు. ఈసారి చుట్టూ వలయం గీసి, పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం తర్వాత తాకిన చోట ఒక మేకు కొట్టాడు. నడుమ తాడు కట్టాడు. అది అసలైన తూర్పు పడమర. తాడు రోడ్డుతో పాటే సూటిగా పోయింది. ఇల్లు పోలేదు. కొలిస్తే తేడా ఇరవై ఆరు డిగ్రీలు. నా ఉత్తరపు కిటికీ అంత మేరా పడమటికి తిరిగి, సాయంత్రపు పొద్దుకు ఎదురెళ్ళి నిలబడింది.

అయిదు గంటలకు కోణమానిని పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు, ఎండ ఎంత వాలుతో వస్తోందో రాసుకోవాలట.

"ఉత్తగ నిలవడకుండ్రి. పిండి తెచ్చుకుంట, జర రొట్టె తిప్పుండ్రి" అని అట్లకాడ చేతికిచ్చి నేను పక్కగదిలోకి పోయాను. పిండి అక్కడే పళ్ళెంలో ఉంది. అయినా పోయాను. అరగంట వరకు తిరిగి రాలేదు.

నేను వచ్చేసరికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కళ్ళద్దాల మీద చెమట. వేళ్ళు రెండు నోట్లో పెట్టుకున్నాడు. రొట్టె ఒక పక్క బొగ్గైంది. కోణమానిని ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు.

"విద్యా, రోజు గిట్లనే ఉంటదా?"

"ఈ ఇంట్ల రెండు వారాల సంది. ఆ ఇంట్ల పదిహేడేండ్లు."

సూర్యుడు ఏ తారీఖున ఎక్కడుంటాడో తెలిసిన మనిషి మాడిన రొట్టెను పెనం మీంచి తీశాడు. "తప్పు నాది" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట ఆ మాట వినలేదు. విన్నాక ఏం చేయాలో తెలియక కొంగుతో ఆయన మొహం తుడిచాను.

స్టవ్వు ఆర్పాడు. చదువుల గదికి పోయి గ్లోబు, పటాలు, పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చి వంటింటి ఎండలో పెట్టాడు. ఆ గది ఖాళీ అయ్యాక స్టవ్వును తనే ఎత్తి, గది నడుమ నిలబడి అడిగాడు.

"ఏ గోడకు పెట్టాలె?"

నేను ఒక గోడ చూపించాను. ఆయన దాన్ని కొలవలేదు.