తక్కెడకు రాని భాష

తెల్లవారేసరికి హిందూపురం బెల్లంమండీ వీధిలో ఈశ్వరప్ప అంగడి తలుపులు తెరుచుకునేవి. ఆయన తడిగుడ్డతో తక్కెడ తుడిచి, ముల్లుకు కుంకుమబొట్టు పెట్టి, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. బండి తోలుకొచ్చిన రైతు ముందుగా తక్కెడ ఎదుట నిలబడి సరుకు సంగతి చెప్పాలి. అబద్ధమాడితే ఖాళీగా ఉన్న ఎడమ చిప్ప దిగిపోయేది.

"నిన్న వొండిన బెల్లమే సామీ" అన్నాడు మడకశిర రైతు ఒకడు. చిప్ప దిగింది.

"మొన్నటిదిలే" అని తల గోక్కున్నాడు. చిప్ప లేచింది. బేరం సాగింది.

ఈశ్వరప్ప తాత కాలం నుంచీ ఆ తక్కెడ అంతే. తెలుగూ కన్నడమూ దానికి పుట్టుకతోనే వచ్చు. మార్వాడీ సేటు కొత్తగా దిగినప్పుడు కొన్నాళ్లు ఆయన ఆటలు సాగాయి గానీ, వినీ వినీ ఎండాకాలం తిరిగేసరికి దానికి హిందీ కూడా వచ్చేసింది. ఒక్కటే కట్టుబాటు: ఇంటివాళ్లను మాత్రం తక్కెడ ముందు నిలబెట్టి ఏదీ అడగకూడదు.

అంగడికీ ఇంటికీ నడుమ గోనెపట్టా తెర. దాని వెనక చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది ఈశ్వరప్ప ఒక్కగానొక్క కూతురు భానుమతి. ఆమెను పెనుకొండ మేనత్త కొడుకు చెన్నకేశవులుకు ఇవ్వాలని తాంబూలాలు మార్చుకున్నారు. పెండ్లిచీర ధర్మవరంలో మగ్గమెక్కింది.

చిక్కంతా చెన్నకేశవులు చదువుతోనే వచ్చింది. లాయరు చదువు కాదు, డాక్టరు చదువు కాదు. కలకత్తా దాటి ఎక్కడో విశ్వవిద్యాలయంలో చీనా భాష చదువుతున్నాడు. ఆ క్లాసులో పట్టుమని పదిమంది కూడా లేరంట. అతను చేరిన మరుసటేడే చీనావాళ్లతో యుద్ధమొచ్చింది.

"యుద్ధమై ఏడాది కాలేదు, వాళ్ల మాటలు మన పిల్లోనికి ఎందుకప్పా?" అన్నాడు ఎదురంగడి పుల్లయ్య. "నాకేమనిపిస్తాందంటే, నీ తక్కెడకు రాని భాష యాడుందా అని ఎదుక్కుంటా పోయినాడు నీ అల్లుడు. రేప్పొద్దున నీ కూతురి ముందర ఏం చెప్పినా చెల్లిపోతాది!"

ఈశ్వరప్ప నవ్వలేదు. తెర వెనక భానుమతి వేళ్లు ఆగిపోయాయి.

పోయినేడు రైలుకు వెళ్తూ బావ ఈ తెర దగ్గరే ఆగి, ఆ భాషలో ఒక మాట అన్నాడు. ఎండిన తాటాకు మీద తొలి చినుకులు పడ్డట్టుంది ఆ మాట. "అర్థమేంది బావా?" అంటే నవ్వి వెళ్లిపోయాడు. చిప్ప కదల్లేదు. నిజమైనా కదలదు, రాని భాషైనా కదలదు. అప్పటినుంచి ఆ మాటను నాలుక కింద పటికబెల్లం పలుకులా దాచుకుంది ఆమె. ఒక్కోసారి అదే చేదుగా తగిలేది. అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమో. వాళ్లకు చెప్పే మాటను తన మీద పలికి చూసుకున్నాడేమో.

సెలవులకు చెన్నకేశవులు రాగానే ఈశ్వరప్ప అతని స్టూలు సరిగ్గా తక్కెడ పక్కన వేయించాడు.

"ఈడే కూర్చోని చదువుకో అల్లుడా. గట్టిగా చదువు. మేమూ వింటాం."

అడగకూడదు గానీ వినకూడదని కట్టుబాటులో లేదు కదా! అతను రోజూ పుస్తకం తెరిచి పైకి చదివేవాడు. చిప్ప కదిలేది కాదు. పుల్లయ్య పొద్దున్నే తొంగిచూసి, కాన్పు కబురు అడిగినట్టు, "ఇంకా కాలేదా?" అనేవాడు.

మామిడికాయలు పండుబారే వేళకు ఒకనాడు చిప్ప వణికింది. అతను ఇంకో వాక్యం చదివాడు. దిగింది. ఇంకొకటి. మళ్లీ దిగింది.

"చూస్తివా! నోరు తెరిస్తే అబద్ధమే!" అని పుల్లయ్య వీధంతా వినపడేట్టు అరిచాడు. జనం మూగారు.

ఈశ్వరప్ప ముఖం నల్లబడింది. "ధర్మవరానికి మనిషిని పంపుతా. చీర నేసేది నిలపమంటా."

తెర కదిలింది. మగవాళ్లుండగా భానుమతి అంగట్లో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఇప్పుడు చదివింది తెలుగులో చెప్పు బావా."

"నేను రైతును. మాయన్న రైల్లో పనిచేస్తాడు. మా ఊర్లో మంచు కురుస్తాంది" అన్నాడతను బిక్కమొహంతో. మాట మాటకూ చిప్ప దిగింది. "పాఠం మామా! భాష నేర్పేదానికి రాసినారు, నేను పుట్టించింది కాదు."

"పెనుకొండలో మంచు కురుస్తాదంట!" అన్నాడొక బండి రైతు. అందరూ పగలబడి నవ్వారు.

భానుమతి నవ్వలేదు. "పోయినేడు తెరకాడ నాతో అన్నావే, ఆ మాట అను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అన్నాడు. చిప్ప కదల్లేదు.

"ఆ మాట దానికింకా వచ్చిండదులే" అని గొణిగాడు పుల్లయ్య.

"ఊరుకోప్పా" అని ఈశ్వరప్ప కూతురి వైపు తిరిగాడు. తక్కెడ ముందు ఇంటివాళ్లను అడగకూడదన్నది మరిచిపోయాడు. "నీకింక అనుమానం లేదు గదమ్మా?"

"లేదు నాయనా."

చిప్ప దబ్బున దిగి కింది చెక్కకు తగిలింది.

చెన్నకేశవులు తక్కెడ వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు. "అర్థం తెలుగులో చెప్పేదా? ఇప్పుడే తేలిపోతాది."

"వద్దు" అంది భానుమతి. "నువ్వు చెప్తే తక్కెడ నమ్ముతాది. నమ్మాల్సింది నేను గదా. నాకే ఆ భాష నేర్పు."

ధర్మవరానికి మనిషి పోలేదు. ఆనాటినుంచి తెర పైకి చుట్టి కట్టారు. అతను చెప్పేవాడు, ఆమె పలికేది. "నేను రైతును" అంటే చిప్ప దిగేది. చింతపండు చేతులతోనే ఆమె దానికి దండం పెట్టి నవ్వేది. ఆమెకు 'నువ్వు' వచ్చింది, 'ఊరు' వచ్చింది, 'లేదు' వచ్చింది. ఆమె దాచుకున్న మాట ఒక్కో పలుకూ కరుగుతూ వచ్చింది.

తొలకరి పడిన పొద్దున, చెన్నకేశవులు పెనుకొండ పోయి ఉండగా, గింజలు తీస్తూ తీస్తూ ఆ మాట మొత్తం తెరుచుకుంది. నువ్వు లేని ఊరు నాకు ఊరే కాదు.

భానుమతి లేచి తక్కెడ ముందు నిలబడింది. ఆ భాషలోనే, మా ఊర్లో మంచు కురుస్తోందని చెప్పింది. చిప్ప దిగింది, లేచింది. అప్పుడు ఊపిరి పీల్చుకుని, బావ మాటను తన మాటగా అంది.

ముల్లు నిటారుగా నిలిచిపోయింది.

ఈశ్వరప్పకు అందులో ఒక్క ముక్కా తెలియదు. ముల్లు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, తువ్వాలు భుజాన వేసుకుని గొడుగు తీశాడు.

"వానలో యాడికి నాయనా?"

"ధర్మవరానికి" అన్నాడాయన. "చీర నేసేది ఇంకెంత మిగిలుండాదో చూసొస్తా."