లేవని కుడి లైటు

"ఇంట్లో ఆడమనిషి సెయ్యెట్టింది సార్. అందుకే పొగొచ్చీసింది," అని నా మొగుడు ధనరాజ్ ఫోనులో చెప్తున్నాడు. నేనప్పుడు అతనికే పెసరట్టు తిరగేస్తున్నాను. అట్లకాడ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. గరివిడి రోడ్డు మీద మా వసారాని ఆనుకునే కార్ల రిపేరు షెడ్డు. అక్కడ గొణిగినా వంటింట్లోకి వినిపిస్తుంది. పోనీ మెల్లగా చెప్పాలని కూడా అతనికి లేదు. పక్కనే అత్త లక్ష్మణమ్మ కూరలు తరుగుతూ ఏమీ విననట్టు కూర్చుంది. పెసరట్టు మాడింది. మాడిందే తెచ్చి కంచంలో వేశాను.

ఆ పొగ సంగతి చెప్పాలి. విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెప్పే ఉదయభాస్కర్ గారి కారు అది. ముప్పై ఏళ్ళ నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. వాళ్ళ నాన్నగారు ముచ్చటపడి కొన్నారట. స్విచ్చి వేస్తే ముందు లైట్లు మూతల్తో సహా పైకి లేచి వెలగాలి. ఎడమది లేస్తోంది. కుడిది కాస్త వణికి ఊరుకుంటోంది. పైగా కుడి ఇండికేటర్ వేస్తే దానికి సంబంధం లేని దీపాలు కూడా మిణుకుమంటున్నాయి. మర్నాడు పది గంటలకి ఫిట్‌నెస్ తనిఖీ, లైట్లు సరిగ్గా లేకపోతే బండి పాసవదు. ధనరాజ్ బల్బు మార్చాడు, మూత లేపే మోటారు మార్చాడు, ఆఖరికి బ్యాటరీ నుంచి తిన్నగా ఒక తీగ లాగాడు. "మధ్యలో ఫ్యూజు పెట్టు బావా," అన్నాను. "నువ్వు నాకు సెప్పొచ్చీసేవేటే," అన్నాడు. రెండు నిమిషాల్లో తీగ కాలి పొగ లేచింది. పరిగెత్తి దాన్ని ఊడబెరికింది నేను. నేను పెట్టిన చెయ్యి అదీ.

విజయనగరం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసయినదాన్ని. మా బ్యాచిలో ఇద్దరమే ఆడపిల్లలం. ధనరాజ్ నా మేనత్త కొడుకు. సంబంధం అనుకున్నప్పుడు అత్త, "పిల్ల కరెంటు పని సదువుకున్నాది, షాపుకి అక్కరకొస్తాది," అంది. వచ్చాను. పదకొండేళ్ళుగా పొద్దున్న వంట, అంట్లు, మా పిల్ల జడలు, తర్వాత షెడ్డులో సెల్ఫ్ మోటార్లు, కాలిన వైర్లు. కస్టమరు అలికిడి వినిపిస్తే మాత్రం లోపలికి పోవాలి. "ఆడది బండి కింద దూరితే సూసినోలు ఏటనుకుంటారు?" అంటాడు. బాగుపడ్డ బండి అతని పనితనం, బాగుపడనిది నా చేతి మహిమ. ఇంకో ముక్క కూడా చెప్పేస్తాను. కస్టమరు వచ్చేముందు టిఫిను దగ్గర కూర్చోబెట్టి నేనే అతనికి పాఠం చెప్పేదాన్ని. "రిలే పోయింది, లోపల పాయింట్లు కాలిపోయాయి, అందుకు మార్చాను, అని చెప్పు బావా." పిల్లకి ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు రెండుసార్లు చెప్పించుకునేదాన్ని. అతను తడబడితే ఇంటి పరువు పోతుందని నా బెంగ. తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాడిన పెసరట్టు తిని, "వైరింగంతా మార్చాల్సిందే, విశాఖపట్నం ఎల్లి సెట్టు తెస్తాను. నానొచ్చేదాకా దాని జోలికెల్లకు," అని ధనరాజ్ బయల్దేరాడు. నేను సరే అనలేదు. అతని బండి మలుపు తిరగ్గానే స్టవ్వు కట్టేసి, చీర మీద అతని పాత చొక్కా తొడుక్కుని, షెడ్డు తలుపులు బార్లా తీశాను. రోడ్డున పోయేవాళ్ళు చూస్తే చూడనీ.

ఒకటి వేస్తే ఇంకోటి మిణుకుమంటోందంటే కరెంటు రావడంలో లోపం లేదు, తిరిగి వెళ్ళే దారిలో ఉంది. ఆ దారి బండి బాడీయే, దాన్నే ఎర్త్ అంటాం. అది సరిగ్గా లేకపోతే కరెంటు పక్క దీపాల్లోంచి దారి వెతుక్కుంటుంది. లైట్ల స్విచ్చి వేసి ఉంచి, బ్యాటరీ మైనస్ నుంచి తీగ తెచ్చి కుడి మోటారు ఎర్త్ వైరుకి ఆనించాను. మూత టక్కున లేచింది. ఆనందం పట్టలేక అరిచేశాను. అత్త కత్తిపీట వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏటే, కరెంటు గాని కొట్టిందేటి?"

"నేదత్తా, దొరికింది."

ఆ వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే కుడి మూలన, బంపరు వెనక, బాడీకి బిగించిన బోల్టు కనిపించింది. తుప్పు పట్టి పొక్కిపోయింది. చుట్టూ ఎండిన పసుపు, రెండు కొబ్బరి పీచులు. కాసేపు అర్థం కాలేదు, అయ్యాక నవ్వాగలేదు. మా షాపులో బాగైన ప్రతి బండికీ ధనరాజ్ పసుపు రాసి కొబ్బరికాయ కొట్టి, కుడి శుభమని ఆ నీళ్ళు కుడి మూలనే పోస్తాడు. ఈ కారు రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నీళ్ళు మూత సందులోంచి సరిగ్గా ఆ బోల్టు మీదికే దిగాయి. బాగుచేసిన చేత్తోనే పాడుచేసి పంపించాం. ఆ కాయ నన్ను ముట్టనివ్వరు. ఆడది కొబ్బరికాయ కొట్టకూడదట. షెడ్డులో నేను చెయ్యని పని అదొక్కటే.

అత్తకి పీచు చూపించి చెప్పాను. "ఒలమ్మ, ఇది ఎవరికీ సెప్పకే. షాపు పరువేటవుతాది?" అంది.

"నా పరువు పొద్దున్న ఫోన్లో పోయిందత్తా. నువ్వక్కడే ఉన్నావు."

ఆమె లోపలికెళ్ళి బియ్యం కడిగి తనే పొయ్యిమీద పెట్టింది.

బోల్టు తీసి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త బోల్టు బిగించి గ్రీజు రాశాను. ధనరాజ్ లాగిన తీగ పీకేశాను. స్విచ్చి ఇరవైసార్లు వేసి చూశాను. రెండు లైట్లూ కలిసి లేచాయి, కలిసి పడుకున్నాయి. సాయంత్రం వైరింగ్ సెట్టు మోసుకొచ్చిన ధనరాజ్ అది చూసి, "సూసినావా, నానేసిన మోటారు! ఇప్పుడు సెట్టయ్యింది," అన్నాడు. ఏం చేశావని అడగనైనా లేదు.

మర్నాడు ఇడ్లీలు తింటూ మాత్రం కొంచెం గొంతు తగ్గించి, "సారొచ్చేస్తాడు. ఏటి సెప్పాలి?" అన్నాడు. అలవాటుగా జవాబు నోటిదాకా వచ్చేసింది. మింగేశాను.

"చట్నీ వెయ్యనా బావా?" అన్నాను.

ఎనిమిదింటికి ఉదయభాస్కర్ గారు వచ్చారు. స్విచ్చి వేసి, రెండు లైట్లూ లేవడం చూసి పసివాడిలా నవ్వారు. "భేష్ ధనరాజ్! ఇంతకీ లోపం ఎక్కడుందయ్యా? మళ్ళీ రాకుండా నేనేం చెయ్యాలి?"

"అదే సార్... మోటారు... ఆ రిలే ఉన్నాది కదా..." అంటూ ధనరాజ్ వంటింటి తలుపు వైపు చూశాడు. నేను తలుపు వెనక లేను. చొక్కా తొడుక్కుని కారు కుడి మూలన నిలబడి ఉన్నాను. అతను నన్ను వెతికి పట్టుకుని, కళ్ళతోనే బతిమాలాడు. జాలేసింది, నిజమే. అయినా ఆగలేదు.

"ఆయనకి తెలీదు సార్," అన్నాను. "బాగుచేసింది నేను. నన్నడగండి."